రోగి సంతకం లేకుండా ఆరోగ్య సమాచారం ఎప్పుడు ఇవ్వవచ్చు: అమెరికా ఆసుపత్రి, క్లినిక్ సిబ్బంది పాటించవలసిన వరుసక్రమం

అమెరికాలో ఆసుపత్రుల ఫ్రంట్ డెస్క్‌లలోనూ, మెడికల్ రికార్డ్స్ విభాగాలలోనూ, డెంటల్ క్లినిక్‌లలోనూ, బిల్లింగ్ సంస్థలలోనూ పనిచేసే తెలుగువారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు మూడు. పోలీసు అధికారి కౌంటరు దగ్గరికి వచ్చి ఒక రోగి గురించి అడిగితే చెప్పవచ్చా? లాయరు నుంచి సబ్‌పీనా (కేసు కోసం రికార్డులు ఇమ్మనో, సాక్ష్యం చెప్పమనో ఆదేశించే పత్రం) వస్తే రికార్డు మొత్తం పంపించాలా? రోగి కూతురినంటూ ఎవరో ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? ఈ మూడింటికీ జవాబులు వేరువేరుగా ఉంటాయి గాని, జవాబు వెతుక్కునే పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతిని, మీరు చేయవలసిన క్రమంలోనే, కింద వివరిస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. 1996 నాటి హిపా చట్టం కింద ఫెడరల్ ఆరోగ్య, మానవ సేవల శాఖ రూపొందించిన ప్రైవసీ రూల్‌ను (రోగుల ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే నిబంధనలను) 2003 ఏప్రిల్ నుంచి ఆసుపత్రులు, క్లినిక్‌లు, ఇన్సూరెన్సు సంస్థలు పాటిస్తున్నాయి. సమాచారం ఇచ్చి తీరాలని ఈ రూల్ స్వయంగా చెప్పే సందర్భాలు రెండే: రోగి తన సమాచారాన్ని తానే అడిగినప్పుడు, రూల్ అమలును పరిశీలించడానికి ఆ శాఖ అడిగినప్పుడు. రోగి సంతకం చేసిన ఆథరైజేషన్ (అనుమతి పత్రం) లేకుండా ఇచ్చే మిగతా సందర్భాలన్నీ ఇవ్వడానికి వీలు కల్పిస్తాయే తప్ప ఇవ్వమని ఒత్తిడి చేయవు. అటువంటి ఒత్తిడి ఉంటే అది రాష్ట్ర చట్టం నుంచో, కోర్టు ఉత్తర్వు నుంచో వచ్చి ఉండాలి. కనుక ‘హిపా ప్రకారం మీరు ఇవ్వక తప్పదు’ అని ఎవరైనా గట్టిగా అంటే వెంటనే తలూపకుండా, అది ఏ నిబంధనో రాసి ఇమ్మని మర్యాదగా అడగండి.

దగ్గర ఉంచుకోవలసినవి

• మీ సంస్థ ప్రైవసీ ఆఫీసర్ ఫోన్ నంబరు, ఆయన లేదా ఆమె సెలవులో ఉంటే ఎవరిని సంప్రదించాలో ఆ పేరు. ఇటువంటి అభ్యర్థనలు శుక్రవారం సాయంత్రమే వస్తాయన్నది ఈ పనిలో ఉన్నవారందరికీ అనుభవమే.
• మీ రాష్ట్ర చట్టాల ప్రకారం తప్పనిసరిగా రిపోర్టు చేయవలసిన విషయాల జాబితా, రాష్ట్రం హిపాకంటే గట్టిగా కాపాడే రికార్డుల జాబితా.
• ఎవరికి ఏం ఇచ్చారో నమోదు చేసే డిస్‌క్లోజర్ లాగ్.
• అడుగుతున్నవారి అభ్యర్థన, వీలైనంతవరకు రాతపూర్వకంగా.
• ఆ రోగి చార్టులో ప్రత్యేక ఆంక్షలేమైనా ఉన్నాయేమో చూసే వీలు.

మీరు ఆసుపత్రి ఉద్యోగి కాక, ఆసుపత్రి తరఫున బిల్లింగో, ట్రాన్స్‌క్రిప్షనో చేసే సంస్థలో ఉంటే, మీ అధికారం ఆసుపత్రితో మీ సంస్థ చేసుకున్న బిజినెస్ అసోసియేట్ ఒప్పందంలో రాసినంతవరకే. బయటివారి నుంచి వచ్చే అభ్యర్థనకు మీరు నేరుగా జవాబు ఇవ్వకుండా, అందిన తేదీ వేసి, ఒప్పందంలో చెప్పిన విధంగా ఆసుపత్రికి పంపడమే సరైన పని.

1. అసలు మినహాయింపు వెతకవలసిన పని ఉందా చూడండి

చికిత్స, చెల్లింపు, సంస్థ నిర్వహణ అనే మూడు పనులకు ఆథరైజేషన్ అవసరం లేదు. మీ రోగిని చూస్తున్న వేరే ఊరి కార్డియాలజిస్టు పాత ఇ.సి.జి. అడిగితే, అడుగుతున్నది నిజంగా ఆ వైద్యుని కార్యాలయమేనని తేల్చుకున్న తరువాత పంపవచ్చు. ఇన్సూరెన్సు సంస్థ క్లెయిము పరిష్కరించడానికి కావలసిన నోట్సు అడిగినా అంతే. ‘సంతకం చేసిన ఫారం లేదు కాబట్టి ఇవ్వలేం’ అని వైద్యునికే జవాబు చెప్పి చికిత్స ఆలస్యం చేయడం మంచి జాగ్రత్త అనిపించుకోదు. రూల్ అటువంటి అడ్డంకి పెట్టలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏదైనా సేవకు రోగి పూర్తి మొత్తాన్ని తన జేబులో నుంచి చెల్లించి, దాని గురించి ఇన్సూరెన్సు సంస్థకు చెప్పవద్దని కోరితే, వేరే చట్టం తప్పనిసరి చేయనంతవరకు ఆ కోరికను మన్నించి తీరాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అలవాటు ప్రకారం క్లెయిము పంపేస్తే తప్పు మీదే అవుతుంది.

అడుగుతున్నది రోగి గాని, చట్టబద్ధంగా రోగి తరఫున నిర్ణయాలు తీసుకునే ప్రతినిధి గాని అయితే అది వేరే దారి. అది రోగి హక్కు. సాధారణంగా 30 రోజులలోపు తీర్చాలి.

2. కుటుంబ సభ్యులు, స్నేహితులు అడిగితే

దీనికి సంతకం అవసరం లేదు, కాని రోగికి అభ్యంతరం చెప్పే అవకాశం ఉండాలి. రోగి స్పృహలో ఉండి మాట్లాడగలిగితే ‘మీ అమ్మాయితో మీ మందుల సంగతి మాట్లాడమంటారా?’ అని అడగండి. నోటిమాటగా ఒప్పుకుంటే చాలు. కూతురు పక్కన ఉండగా రోగి తానే డాక్టరును ప్రశ్నలు అడుగుతూ ఉంటే, అభ్యంతరం లేదని సందర్భాన్నిబట్టి గ్రహించవచ్చు. రోగి స్పృహలో లేకపోతే, చెప్పడం రోగికి మేలని వృత్తిపరమైన వివేకంతో నిర్ణయించి, ఆ వ్యక్తి సంరక్షణలో లేదా ఖర్చు భరించడంలో ఎంతవరకు పాలుపంచుకుంటున్నారో అంతవరకే చెప్పాలి. శస్త్రచికిత్స తరువాత ఇంటికి తీసుకువెళ్ళడానికి వచ్చిన స్నేహితునికి కట్టు ఎలా మార్చాలో, ఏ లక్షణాలు కనిపిస్తే ఫోన్ చేయాలో చెప్పవచ్చు. పదేళ్ళ క్రితం జరిగిన మానసిక చికిత్స సంగతి అతనికి అవసరం లేదు.

ఫోన్‌లో అయితే ముందు ఆ మనిషి ఎవరో తేల్చుకోండి. కొన్ని సంస్థలు రోగి చేరేటప్పుడే ఒక సంకేతపదం ఇచ్చి, అది చెప్పినవారితోనే మాట్లాడతాయి. ఇది రూల్ విధించిన పద్ధతి కాదు గాని చాలా పనికొచ్చే పద్ధతి.

ఆసుపత్రి డైరెక్టరీ (ఆసుపత్రిలో ఉన్న రోగుల జాబితా) సంగతి వేరు. రోగి అభ్యంతరం చెప్పకపోతే, రోగిని పేరుతో అడిగినవారికి ఏ గదిలో ఉన్నారో, పరిస్థితి ‘నిలకడగా ఉంది’ వంటి సాధారణ మాటల్లో ఎలా ఉందో చెప్పవచ్చు. జబ్బు పేరు మాత్రం చెప్పకూడదు. ‘నిన్న రాత్రి యాక్సిడెంట్‌లో వచ్చిన అతను’ అని అడిగితే అది పేరుతో అడిగినట్టు కాదు. రోగి తన పేరు డైరెక్టరీలో వద్దని చెప్పి ఉంటే, ఆ రోగి ఇక్కడ ఉన్నాడనీ, లేడనీ కూడా అనవద్దు. ‘ఆ పేరుతో ఇవ్వగలిగిన సమాచారం మా దగ్గర లేదు’ అనండి.

3. సంతకమూ, రోగి అంగీకారమూ రెండూ అక్కరలేని మినహాయింపును గుర్తించండి

ఇవి ఫెడరల్ నిబంధనావళిలో 45వ శీర్షిక, 164.512 కింద ఉన్నాయి. మొత్తం పన్నెండు రకాలు. అన్నీ గుర్తుంచుకోనక్కరలేదు, కాని మీ లాగ్‌లో ఏ రకం కింద ఇచ్చారో రాయగలగాలి. రాయలేకపోతే ఇవ్వవద్దు.

తేలికైనవి ముందు చూద్దాం. వేరే చట్టం తప్పనిసరి చేసినప్పుడు, ఆ చట్టం కోరినంత మేరకు ఇవ్వవచ్చు. తుపాకీ గాయాల రిపోర్టు చాలా రాష్ట్రాలలో ఇలాంటిదే. ప్రజారోగ్య శాఖకు అంటువ్యాధులు, జననాలు, మరణాలు తెలియజేయవచ్చు. మందు లేదా వైద్య పరికరం వల్ల కలిగిన హానిని ఎఫ్.డి.ఎ. (ఫెడరల్ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) పరిధిలోని ఉత్పత్తిదారుకు చెప్పవచ్చు. పిల్లలపై అఘాయిత్యం జరుగుతోందని అనుమానం ఉంటే రిపోర్టు స్వీకరించే అధికారం ఉన్న సంస్థకు చెప్పవచ్చు. లైసెన్సింగ్ బోర్డులు, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆడిటర్లు వంటి పర్యవేక్షక సంస్థలకూ, మరణ కారణాన్ని తేల్చే కరోనరుకూ, మెడికల్ ఎగ్జామినరుకూ, అంత్యక్రియల నిర్వాహకులకూ, అవయవదాన సంస్థలకూ ఇవ్వవచ్చు. పరిశోధన కోసమైతే సాధారణంగా, పరిశోధనలను పరిశీలించే సంస్థాగత సమీక్షా మండలి ఆథరైజేషన్‌ను మాఫీ చేసినట్టు పత్రం చూపించాలి. సైన్యం, జాతీయ భద్రత, జైలు నిర్బంధం వంటి ప్రత్యేక ప్రభుత్వ పనులు మరొక రకం. ఉద్యోగంలో జరిగిన గాయాల పరిహారానికి ఆ రాష్ట్ర చట్టం కోరినంతవరకు ఇవ్వవచ్చు.

పెద్దవారిపై హింస లేదా నిర్లక్ష్యం జరిగిందని రిపోర్టు చేసినప్పుడు ఆ సంగతి బాధితునికి వెంటనే చెప్పాలి. చెబితే బాధితునికి ప్రమాదమని వృత్తిపరంగా తోస్తే చెప్పకుండా ఉండవచ్చు; రోగి తరఫు ప్రతినిధే హింసకు కారకుడని అనుమానం ఉంటే ఆ ప్రతినిధికి చెప్పకుండా ఉండవచ్చు. ఇది చాలామంది మరిచిపోయే అంశం.

గంభీరమైన, ముంచుకొస్తున్న ప్రమాదాన్ని తప్పించడానికైతే, దానిని ఆపగలిగిన వ్యక్తికి సద్భావంతో సమాచారం ఇవ్వవచ్చు. ముప్పు ఎవరికి ఉందో ఆ వ్యక్తికే చెప్పడం కూడా ఇందులోకి వస్తుంది. చెప్పాలా వద్దా అన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. 1976లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు టారసాఫ్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత కొన్ని రాష్ట్రాలు హెచ్చరించే బాధ్యతను చికిత్సకునిపై పెట్టాయి, కొన్ని అనుమతితో సరిపెట్టాయి. ఇటువంటి నిర్ణయం ఫ్రంట్ డెస్క్‌లో తీసుకోకూడదు, డాక్టరును పిలవండి.

మిగిలినవి రెండు: పోలీసులు, కోర్టు వ్యవహారాలు. అడుగుతున్నవారి దుస్తులను, లెటర్‌హెడ్‌ను చూసి కంగారుపడేది ఈ రెండింటిలోనే.

4. పోలీసులు అడిగితే

మొదటి ప్రశ్న: చేతిలో కాగితం ఉందా? ఉంటే కింద సంతకం ఎవరిదో చదవండి. న్యాయమూర్తి ఇచ్చిన ఉత్తర్వు, కోర్టు జారీ చేసిన వారంట్, గ్రాండ్ జ్యూరీ (నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) సబ్‌పీనా అయితే అందులో రాసినంతవరకు ఇవ్వవచ్చు. ప్రభుత్వ సంస్థ అధికారి తానే సంతకం చేసిన పరిపాలనా వారంట్ లేదా సమన్లు పైకి అచ్చం అలాగే కనిపిస్తాయి, కాని అవి కోర్టు వారంట్లు కావు. వాటికి మూడు షరతులు నెరవేరాలి: అడిగిన సమాచారం విచారణకు సంబంధించినదై, అవసరమైనదై ఉండాలి, అభ్యర్థన ఫలానా విషయానికి మాత్రమే పరిమితమై ఉండాలి, పేరు, ఆనవాళ్ళు తీసేసిన సమాచారంతో ఆ పని జరగదని తేలాలి. ఈ తేడా పట్టుకోవడం మీ పని కాదనుకుంటే, కాగితాన్ని ఫొటోకాపీ తీసుకుని లీగల్ విభాగం చూసేదాకా ఆగమని చెప్పండి.

కాగితం లేకపోతే, నోటిమాట మీద ఇవ్వగలిగింది పరిమితం. అనుమానితుని, పరారీలో ఉన్నవాని, ముఖ్య సాక్షిని, తప్పిపోయినవారిని గుర్తించడానికో, ఆచూకీ తీయడానికో అడిగితే పేరు, చిరునామా, పుట్టిన తేదీ, స్థలం, సోషల్ సెక్యూరిటీ నంబరు, రక్తం గ్రూపు, గాయం రకం, చికిత్స జరిగిన తేదీ, సమయం, చనిపోతే ఆ తేదీ, సమయం, ఎత్తు, బరువు, మచ్చలు, పచ్చబొట్లు వంటి శారీరక ఆనవాళ్ళు ఇవ్వవచ్చు. డి.ఎన్.ఎ., దంత రికార్డులు, రక్తం లేదా కణజాల పరీక్షల ఫలితాలు ఈ దారిలో ఇవ్వకూడదు. ‘ఆల్కహాల్ లెవెల్ ఎంత వచ్చింది?’ అన్నది అధికారులు మామూలుగా అడిగే ప్రశ్న; దానికి కాగితమైనా కావాలి, రాష్ట్ర చట్టమైనా ఉండాలి.

రోగి నేరానికి బాధితుడైతే అతని అంగీకారం అడగండి. స్పృహలో లేకపోతే, ఆ సమాచారాన్ని బాధితునికి వ్యతిరేకంగా వాడబోమనీ, ఆలస్యం చేస్తే దర్యాప్తు దెబ్బతింటుందనీ అధికారి చెప్పి, ఇవ్వడం రోగికి మేలని మీ వైద్యుడు భావించినప్పుడు ఇవ్వవచ్చు. మీ ఆవరణలోనే నేరం జరిగిందని మీరు సద్భావంతో నమ్మితే, దానికి సాక్ష్యమయ్యే సమాచారం మీరే వెళ్ళి చెప్పవచ్చు.

హ్యూస్టన్‌లోని మెమోరియల్ హెర్మన్ హెల్త్ సిస్టం ఉదంతం ఈ సందర్భంలో తెలుసుకోదగినది. ఒక రోగి నకిలీ గుర్తింపు కార్డు చూపించిందన్న అనుమానంతో సిబ్బంది పోలీసులకు చెప్పారు. దానిని ఫెడరల్ అధికారులు తప్పు పట్టలేదు. ఆ తరువాత సంస్థ విడుదల చేసిన పత్రికా ప్రకటన శీర్షికలోనే రోగి పేరు పెట్టారు. 2017లో ఆ వ్యవహారం 24 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది. పోలీసులకు ఇవ్వడానికి వీలున్న సమాచారం పత్రికలకు ఇవ్వడానికి వీలున్నట్టు కాదు. ఎవరికి, ఎంత అన్నది ప్రతిసారీ మొదటి నుంచి చూసుకోవాలి.

5. సబ్‌పీనా వస్తే

ఎక్కువ గందరగోళం ఇక్కడే. న్యాయమూర్తి సంతకం చేసిన కోర్టు ఉత్తర్వు అయితే అందులో స్పష్టంగా పేర్కొన్నంతవరకు ఇవ్వండి, అంతకుమించి ఒక్క పేజీ వద్దు. లాయరు గాని, కోర్టు గుమాస్తా గాని సంతకం చేసిన సబ్‌పీనా అయితే, దానితోపాటు హామీ పత్రాలు ఉన్నాయా అని చూడాలి. హామీ రెండు విధాలు.

క) రోగికి నోటీసు ఇచ్చినట్టు హామీ. ఇందులో లాయరు రాతపూర్వక ప్రకటన, నోటీసు నకలు, దానిని పంపినట్టు రుజువు ఉండాలి. రోగి అభ్యంతరం చెప్పుకోవడానికి సరిపడా వివరాలు నోటీసులో ఉండాలి. అభ్యంతరం చెప్పే గడువు ముగిసిందనీ, అభ్యంతరాలు రాలేదనీ, వస్తే తేలిపోయాయనీ కూడా చెప్పి ఉండాలి.

ఖ) రక్షణ ఉత్తర్వు. సమాచారాన్ని ఈ కేసుకు తప్ప మరి దేనికీ వాడకూడదని, కేసు ముగిశాక తిరిగి ఇవ్వాలని లేదా నాశనం చేయాలని ఉభయపక్షాలు ఒప్పుకుని కోర్టు ముందు పెట్టినట్టు, లేదా అటువంటి ఉత్తర్వు కోసం అడిగినవారు దరఖాస్తు చేసినట్టు పత్రాలు ఉండాలి.

ఈ రెండూ లేకపోతే సబ్‌పీనాను డ్రాయరులో పడేయవద్దు. రికార్డు ఇవ్వకూడదన్నది ఎంత నిజమో, గడువులోపు జవాబు ఇవ్వాలన్నదీ అంతే నిజం. ఫలానా హామీ పత్రాలు జతపరచలేదని లాయరుకు రాయండి, లేదా మీ సంస్థే రోగికి తెలియజేసే ఏర్పాటు చేయండి, లేదా మీ లాయరు చేత అభ్యంతరం వేయించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. కారు ప్రమాదంలో మోకాలికి దెబ్బ తగిలిన రోగి వేసిన దావాలో, అవతలి లాయరు ‘సమస్త రికార్డులు’ అని రాసిన సబ్‌పీనా పంపాడు. నోటీసు నకలు జతచేశాడు గాని, గడువు ముగిసిందన్న ప్రకటన లేదు. నోటీసు తేదీ చూస్తే మూడు రోజుల క్రితమే పంపాడని తెలుస్తోంది. ఇప్పుడు మీరు చేయవలసింది గడువు ముగిసేదాకా ఆగి, ప్రకటన అడిగి, అది వచ్చాక కూడా ‘సమస్త’ అన్న మాటను అలాగే ఒప్పుకోకుండా దావా దేని గురించో దానివరకు పరిధి తగ్గించమని అడగడం. చాలామంది లాయర్లు ఫోన్‌లోనే ఒప్పుకుంటారు, అయినా ఆ ఒప్పుకోలును ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

6. ప్రత్యేక తాళం ఉన్న రికార్డులేమో చూడండి

పైన చెప్పిన మినహాయింపు వర్తించినా ఈ మెట్టు దాటకుండా రికార్డు బయటకు వెళ్ళకూడదు.

మాదకద్రవ్యాలు, మద్యం వ్యసనానికి చికిత్స చేసే కార్యక్రమాల రికార్డులకు ఫెడరల్ నిబంధనావళిలోని 42వ శీర్షిక, 2వ భాగం వర్తిస్తుంది. దీనికి 2024లో చేసిన సవరణలను పాటించవలసిన గడువు 2026 ఫిబ్రవరి 16. ఈ రికార్డులకు మామూలు సబ్‌పీనా చాలదు, ఆ నిబంధనల ప్రకారం పొందిన ప్రత్యేక కోర్టు ఉత్తర్వు కావాలి. అటువంటి కేంద్రంలో ఫలానా వ్యక్తి రోగి అని ఒప్పుకోవడమే ఒక వెల్లడి అవుతుంది.

మానసిక చికిత్సకుడు ప్రధాన చార్టు నుంచి విడిగా ఉంచుకునే సైకోథెరపీ నోట్సు మరొకటి. దీనికి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఆథరైజేషన్ కావాలి. అయితే రోగనిర్ధారణ, మందుల వివరాలు, చికిత్స జరిగిన సమయాలు ఈ నోట్సులోకి రావు. మానసిక వైద్యం అన్న పేరు కనిపించగానే మొత్తం చార్టుకు తాళం వేసేయకండి.

రాష్ట్ర చట్టం హిపాకంటే గట్టిగా ఉంటే రాష్ట్ర చట్టమే నెగ్గుతుంది. న్యూయార్క్‌లో హెచ్.ఐ.వి. సమాచారానికి, ఇల్లినాయ్‌లో మానసిక ఆరోగ్య రికార్డులకు విడి చట్టాలు ఉన్నాయి. ఇక 2024లో పునరుత్పత్తి ఆరోగ్య సమాచారం కోసం ప్రత్యేకంగా తెచ్చిన ఫెడరల్ నిబంధనలలో ఎక్కువ భాగాన్ని 2025 జూన్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు కొట్టివేసింది. మీ సంస్థ ఫారాలలో వాటి కింద అడిగే ధ్రువీకరణ పత్రం ఇంకా ఉంటే, దాని సంగతి ప్రైవసీ ఆఫీసర్‌ను అడిగి తేల్చుకోండి.

7. అడుగుతున్నది ఎవరో రుజువు చేసుకోండి

ఎదురుగా ఉన్న అధికారి బ్యాడ్జి చూసి నంబరు రాసుకోండి. ఉత్తరమైతే లెటర్‌హెడ్ సరిపోవచ్చు. ఫోన్ అయితే వారు ఇచ్చిన నంబరుకు కాకుండా, ఆ శాఖ ప్రధాన నంబరు మీరే వెతికి దానికి తిరిగి ఫోన్ చేయండి. ఇది రెండు నిమిషాల పని.

8. అవసరమైనంతే ఇవ్వండి

చికిత్స కోసం మరొక వైద్యునికి ఇచ్చేటప్పుడు తప్ప, దాదాపు అన్ని సందర్భాలలోనూ ఆ పనికి కనీసంగా కావలసినంతే ఇవ్వాలి. చట్టం తప్పనిసరి చేసిన వెల్లడికి ఆ చట్టమే హద్దు. ప్రజారోగ్య అధికారి ‘ఇది మాకు కావలసిన కనీస సమాచారం’ అని చెబితే, అది సమంజసంగా ఉన్నప్పుడు, ఆ మాట మీద ఆధారపడవచ్చు. కంప్యూటరులో ‘పూర్తి చార్టు ప్రింట్ చేయి’ అన్న బటన్ దగ్గరగా ఉంటుంది గనుకే ఎక్కువ ఇచ్చేస్తుంటారు. తేదీల పరిధి, విభాగం ఎంచుకుని ప్రింట్ తీయండి, పంపేముందు పేజీలు తిరగేయండి. మధ్యలో మరొక రోగి ల్యాబ్ రిపోర్టు కలిసిపోవడం తరచుగా జరిగేదే.

పంపే చిరునామా మళ్ళీ ఒకసారి చదవండి. న్యూయార్క్‌లోని సెయింట్ లూక్స్ రూజ్‌వెల్ట్ ఆసుపత్రి కేంద్రం, తన పోస్టు బాక్సుకు పంపమని రోగి కోరిన హెచ్.ఐ.వి. వివరాలున్న రికార్డును రోగి యజమాని కార్యాలయానికి ఫ్యాక్స్ చేసింది. 2017లో 3,87,200 డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

9. లాగ్‌లో రాయండి

164.512 కింద ఇచ్చిన దాదాపు ప్రతి వెల్లడినీ నమోదు చేయాలి, ఎందుకంటే గత ఆరేళ్ళలో ఎవరికి ఇచ్చారో చెప్పమని రోగి అడగవచ్చు. అడిగితే 60 రోజులలో జవాబు ఇవ్వాలి. చికిత్స, చెల్లింపు, నిర్వహణ కోసం ఇచ్చినవీ, రోగికే ఇచ్చినవీ, ఆథరైజేషన్ మీద ఇచ్చినవీ ఈ లెక్కలోకి రావు. పొరపాటున ఇచ్చినవి మాత్రం వస్తాయి. నమోదు ఇలా ఉంటే చాలు:

‘మార్చి 4. కౌంటీ ప్రజారోగ్య శాఖ, అంటువ్యాధుల విభాగం, చిరునామా. క్షయ పరీక్ష ఫలితం, రోగి సంప్రదింపు వివరాలు. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి రిపోర్టు. ఇచ్చినవారి సంతకం.’

ఒకే సంస్థకు ఒకే పని మీద పదేపదే ఇస్తుంటే మొదటిదాని పూర్తి వివరాలు, ఎంత తరచుగా ఇచ్చారో, చివరి తేదీ రాయవచ్చు.

తరచుగా జరిగే పొరపాట్లు

సంస్థ యజమానినో, హెచ్.ఆర్. నుంచో అంటూ ఫోన్ చేసి ‘మా ఉద్యోగి నిజంగానే మీ దగ్గరికి వచ్చాడా?’ అని అడిగితే అవునని చెప్పేయడం. ఉద్యోగ గాయాల పరిహారం, చట్టం కోరే పని ప్రదేశపు వైద్య పరిశీలన వంటివి తప్ప యజమానికి మినహాయింపు లేదు.

ఇంటర్నెట్‌లో రోగి పెట్టిన చెడ్డ రివ్యూకు జవాబుగా చికిత్స వివరాలు రాయడం. రోగి తానే బయటపెట్టుకున్నాడు కదా అన్న వాదన చెల్లదు. డాలస్‌లోని ఎలైట్ డెంటల్ అసోసియేట్స్ 2019లో ఇందుకే 10,000 డాలర్లు చెల్లించింది.

రోగి చనిపోయాడు గనుక ఇక ఆంక్షలు లేవనుకోవడం. మరణించిన తరువాత 50 ఏళ్ళ వరకు సమాచారానికి రక్షణ ఉంటుంది. అయితే సంరక్షణలో పాలుపంచుకున్న కుటుంబ సభ్యులకు, రోగి బతికి ఉండగా వద్దనలేదని తెలిసినంతవరకు, దానికి సంబంధించిన మేరకు చెప్పవచ్చు.

అన్నిటికీ ‘హిపా ఒప్పుకోదు’ అని ఒకే జవాబు చెప్పడం. నా దృష్టిలో దీనివల్ల జరిగే నష్టం తక్కువది కాదు: చికిత్స ఆగిపోతుంది, భయపడిన కుటుంబానికి జవాబు దొరకదు, ప్రజారోగ్య రిపోర్టు ఆలస్యమవుతుంది.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

వారానికి ఒకసారి లాగ్‌లో కొన్ని నమోదులు తీసి, వాటి పక్కన అభ్యర్థన కాగితం, పంపిన పేజీల నకలు పెట్టుకుని చూడండి. అడిగినవారి పేరూ, పంపిన చిరునామా ఒకటేనా? ఏ మినహాయింపు కిందో రాశారా? అభ్యర్థనలో లేని పేజీలేమైనా వెళ్ళాయా? ఈ పని ఆ అభ్యర్థనల గురించి ఏమీ తెలియని సహోద్యోగి చేత చేయిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కాగితాలు చూసి ఆ మనిషికి అర్థం కాకపోతే తరువాత వచ్చే ఆడిటరుకూ అర్థం కాదు.

తేడా కనిపిస్తే అదే రోజు ప్రైవసీ ఆఫీసర్‌కు చెప్పండి. పొరపాటున అందుకున్నవారికి ఫోన్ చేసి తిరిగి పంపమని, లేదా నాశనం చేసినట్టు రాసిమ్మని అడగండి. ఏ రకం సమాచారం వెళ్ళింది, ఎవరి చేతికి వెళ్ళింది, వారు నిజంగా చూశారా, హాని ఎంతవరకు తగ్గించగలిగారు అన్న నాలుగు అంశాలు చూసి అది ఉల్లంఘన అవునో కాదో సంస్థ తేలుస్తుంది. ఉల్లంఘనే అయితే కనిపెట్టిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులలోపు, అనవసరమైన ఆలస్యం లేకుండా, రోగికి రాతపూర్వకంగా తెలియజేయాలి. 500 లేదా అంతకంటే ఎక్కువ మందికి సంబంధించినదైతే ఫెడరల్ శాఖకూ అదే గడువులో చెప్పాలి. అంతకు తక్కువైతే ఆ ఏడాది ముగిసిన 60 రోజులలోపు శాఖకు నివేదించాలి. ఆ పొరపాటు వెల్లడిని కూడా లాగ్‌లో రాయడం మరవకండి.